జన్యులిపియు, అద్దె యంత్రములును

మన సింధనూరు, మాన్వి క్యాంపులలో వరికోతలు వచ్చినప్పుడు ప్రతి రైతును కోతయంత్రమును కొనడు గదా! గంటల లెక్కను అద్దె చెల్లించి పొలమునకు రప్పించుకొనును. పొలము యంత్రము వద్దకు పోజాలదు. యంత్రమే పొలమునకు రావలెను. తల్లిదండ్రు లీ సంగతిని మనసునం దుంచుకొన్నచో, నేటి విజ్ఞానశాస్త్రమున జరుగుచున్న ఒక గొప్ప పని సులభముగా బోధపడును.

మానవుని దేహకణములలో వంశలక్షణములను తెలుపు లిపి యున్నది. దానిని జీనోము అందురు. అందలి అక్షరములు నాలుగే యైనను, ఒక ప్రతియందు సుమారు 300 కోట్ల అక్షరముల వరుస యుండును. తప్పు దొరలకుండుటకై ప్రతి భాగమును దాదాపు 30 మార్లు చదువుదురు. అందుచే ఒక్క మనిషికే ఇంచుమించు 100 గిగాబైట్ల సమాచార మేర్పడును. 500 గిగాబైట్ల చోటుగల మామూలు కంప్యూటరు అయిదుగురితోనే నిండిపోవును.

2020లో ప్రారంభమైన జీనోమ్ ఇండియా పథకమున, బెంగుళూరులోని మెదడు పరిశోధన కేంద్రము నాయకత్వమున, హైదరాబాదు సి.సి.ఎం.బి. మొదలగు 20 సంస్థలు కూడి పదివేలమంది జీనోములను చదివినవి. ఆ సమాచారము ఫరీదాబాదులోని జాతీయ కేంద్రమున భద్రపరుపబడి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినది. సెకనుకు 10 మెగాబిట్లు మోయు తీగపై ఒక్కరి సమాచారము పంపుటకు 22 గంటలు పట్టును. పదివేలమందిది పంపుటకు 25 ఏండ్లు! కావున ధాన్యమును కదలింపక యంత్రమును రప్పించినట్లు, సమాచారమున్న చోటికే ప్రశ్నను పంపుట మేలు. అచ్చట వందలకొలది కంప్యూటర్లు పనిని పంచుకొని చేయును. జవాబు మాత్రమే తిరిగి వచ్చును. వాడిన గంటలకే రుసుము. దీనిని క్లౌడ్ కంప్యూటింగ్ అందురు. పేరు మేఘమే గాని, అది నేలమీది యంత్రశాలయే.

దీనివలన మన బిడ్డలకేమి లాభ మందురా? తరతరములుగా తమలో తామే వియ్యమందు సముదాయములలో కొన్ని అరుదైన లోపములు హెచ్చుగా కానవచ్చును. వైశ్యులలో కొందరికి, శస్త్రచికిత్సలో కండరములను సడలించుట కిచ్చు ఒక మందు త్వరగా విరుగక ఊపిరి యాడుట కష్టమగును. ముందే తెలిసినచో వైద్యుడు వేరొక మందు వాడును, ప్రాణము నిలుచును. ఇందెవరిని తప్పుపట్టుటకును తావులేదు. మేనరికములు మనలో నెన్ని లేవు?

అయితే ఒక హెచ్చరిక. మన జన్యులిపి మన యొక్కరిదే కాదు. మన సంతానముది కూడ. రక్తము నిచ్చునప్పుడు అది యే పనికో, ఎవరి వద్ద నుండునో అడిగి తెలిసికొనవలెను. గాదెలో ధాన్యము పోసిన వాడు తాళము సంగతి విచారింపకుండునా?