ప్రమోషన్ వద్దని రాసే ముందు



బ్యాంకుల్లో పనిచేసే ఆడవాళ్ళు ప్రమోషన్ దాకా వచ్చి, "నాకొద్దండీ" అని రాసిచ్చేయడం మనం వింటూనే ఉంటాం. చేతకాక కాదు. ప్రమోషన్ వెంట ట్రాన్స్‌ఫర్ వస్తుందని భయం.

ప్రభుత్వ బ్యాంకుల్లో ఆఫీసర్లకు స్కేల్ 1 నుంచి మొదలుపెట్టి మెట్లుంటాయి. మొదటిది అసిస్టెంట్ మేనేజరు, ఏడవది జనరల్ మేనేజరు. పైకి వెళ్ళాలంటే నాలుగూళ్ళలో పనిచేసి, బ్రాంచి నడిపిన అనుభవం కావాలి. ఆ పిలుపు సరిగ్గా పిల్లలు పసివాళ్ళుగానో, టెన్త్‌లోనో ఉన్నప్పుడే వస్తుంది. మగవాడికి బదిలీ అయితే భార్య పెట్టె సర్దుతుంది. ఆవిడకే అయితే ఇంటిల్లిపాదీ సభ తీరుస్తారు! ఒకసారి వద్దంటే తోటివాళ్ళు ముందుకు పోతారు. పిల్లలు చేతికందివచ్చి తీరిక చిక్కేసరికి రిటైర్మెంటు దగ్గరపడుతుంది.

సాయపడేవీ లేకపోలేదు. 1961 చట్టంలో 12 వారాలున్న ప్రసూతి సెలవును 2017లో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. పెళ్ళయిన ఉద్యోగినిని వీలైనంతవరకు భర్త ఉన్న ఊళ్ళోనో, దగ్గర్లోనో వేయమని 2014లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ బ్యాంకులకు సూచించింది. ఇవి అడగనిదే నడిచిరావు, కాగితం మీద పెట్టి అడగాలి.

నష్టాల్లో ఉన్న ఇండియన్ బ్యాంకును 2000లో చేపట్టి లాభాల బాట పట్టించింది రంజనా కుమార్. 1977లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరిన అరుంధతీ భట్టాచార్య 2013లో స్టేట్ బ్యాంకు మొదటి మహిళా చైర్మన్ అయ్యారు. ఆవిడ హయాంలోనే పిల్లల కోసం, ఇంట్లో పెద్దల కోసం రెండేళ్ళు సెలవు తీసుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరే ఏర్పాటు పెట్టారు. పైన కూర్చున్నవాళ్ళకి ఇంటి బరువు తెలిస్తే వచ్చే తేడా ఇది.

ఉద్యోగం చేయని మనకెందుకీ గొడవ అనుకోకండి. కూతురో కోడలో ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు, "పిల్లల్నెవరు చూస్తారే?" అని మొదట అడిగేది మనమే. దానికి బదులు ఏ ఊరు, ఎన్నేళ్ళు, మనవల్ని ఎవరం ఎన్నాళ్ళు చూసుకోగలం అని అల్లుణ్ణో కొడుకునో కూడా కూర్చోబెట్టి లెక్క వేద్దాం. నిజంగా కుదరదంటే అప్పుడే వద్దని రాయొచ్చు. లెక్క వేయకుండా మాత్రం రాయనివ్వకండి.