కంప్యూటరులోని బస్సు – డిస్కు వేగము



మా యూరి గ్రంథాలయమున ప్రాతగ్రంథముల ఛాయాచిత్రములు కంప్యూటరులో దాచియున్నవి. వానికి మఱియొక ప్రతి వెలుపలి డిస్కులో నుంచవలెనని పెద్దలు తలంచిరి. చిత్రములు మొత్తము 120 గిగాబైట్లు. ప్రతి తీయుటకు గంటకు మించి పట్టెను. ‘‘ఈ డిస్కు మందము, వేగముగల దానిని కొనుడు’’ అని యొక వర్తకుడు చెప్పగా, చందాలు వేసికొని క్రొత్తది కొంటిమి. మరల నదే గంట! ఊరిసొమ్ము వ్యర్థమాయెనా యని నన్నడిగిరి. నాకును తెలియదు. పిమ్మట చదివి తెలిసికొన్న సంగతినే నేడు మనవి చేయుచున్నాను.

కరీంనగరు, ఆదిలాబాదు సీమల నడుమ గోదావరి పారుచున్నది. ఇరుగట్లను బాటలెంత వెడల్పైనను, గంటకు దాటగల బండ్లెన్నియో నిర్ణయించునది వంతెనయే. కంప్యూటరునందు డిస్కు ఒక గట్టు. లెక్కలు చేయు ప్రాసెసరు, దాని చెంతనున్న మెమరీ రెండవ గట్టు. నడుమనున్న తీగలబాటకే బస్సు అని పేరు. లాటిను భాషలో ‘ఆమ్నిబస్’ అనగా ‘అందఱికొఱకు’ అని యర్థము. అందఱు నెక్కు బండికి ఆ పేరు వచ్చినది. అన్ని భాగములును వాడుకొను తీగలబాటకును అదియే వచ్చినది.

ఈ బాట వేగము మూడింటిపై నాధారపడును. తీగలెన్ని? సెకనుకు నెన్నిమారులు సరకు పంపును? ఎందఱు పంచుకొందురు?

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో సమాచారమునకు 8 తీగలుండెను. 1984 నాటి ఎ.టి. యంత్రములో 16 తీగలు. 1992లో వచ్చిన పి.సి.ఐ. బస్సునకు 32 తీగలు, అనగా మారునకు 4 బైట్లు. సెకనుకు 3 కోట్ల 33 లక్షల మారులు పంపినచో 133 మెగాబైట్లగును. కాని ఆ బాట ఉమ్మడిది. డిస్కును, నెట్‌వర్కు కార్డును ఒకేమారు సరకు పంపజాలవు. ఒకటి నడుచునపుడు రెండవది కాచుకొనవలెను.

అట్లయిన తీగలను పెంచుకొనుచు పోరాదా యని మీరడుగవచ్చును. ప్రక్కప్రక్కను పోవు బండ్లన్నియు ఒక్క క్షణముననే గమ్యము చేరవలెనన్నచో, మెల్లగా నడిపినంతవఱకే సాధ్యము. పరుగు హెచ్చినకొలది ముందువెనుకలగును. కావున 2003లో సాటా పద్ధతి వచ్చినది. ఇందు బిట్లు ఒకదాని వెనుక నొకటిగా మిక్కిలి వడిగా పోవును. తొలుత సెకనుకు 150 మెగాబైట్లు. 2009 నాటికి 600. డిస్కునకు తన బాట తనకే దొరకినది.

అయినను వంతెన వెడల్పైనంత మాత్రమున సరకు పుట్టదు. తిరుగు డిస్కు మోటబావి వంటిది; మోట పైకి వచ్చినపుడే నీరు. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు పళ్లెమునకు ఒక చుట్టునకే ఇంచుమించు 8.3 మిల్లీసెకన్లు పట్టును. కావలసిన చోటు సూదిక్రిందికి వచ్చువఱకు వేచియుండవలసినదే. అట్టి డిస్కు వరుసగా చదివినపుడు సెకనుకు నూఱు మొదలు రెండు నూఱుల మెగాబైట్లకు అటునిటుగా నిచ్చును. దానికి 600 మెగాబైట్ల బాట చాలును, మిగులును. తిరుగుడు లేని సాలిడ్ స్టేట్ డిస్కులకైతే ఆ బాటయు నిరుకై, ఇంకను వెడల్పైన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ బాట వలసివచ్చినది.

ఇక మా గ్రంథాలయము మాట. మా కంప్యూటరున నున్నది 2000 నాటి యు.ఎస్.బి. 2.0 ద్వారము. దాని యవధి సెకనుకు 480 మెగాబిట్లు, అనగా 60 మెగాబైట్లు. వాడుకలో సగమే దక్కెను. 30 చొప్పున 120 గిగాబైట్లకు 4000 సెకన్లు, అనగా 67 నిమిషములు. పిమ్మట 2008 నాటి యు.ఎస్.బి. 3.0 పద్ధతి ద్వారముగల చిన్న కార్డును అమర్చితిమి. క్రొత్త డిస్కు పని 17 నిమిషములలో ముగిసినది. ప్రాతడిస్కునకును ఆ పద్ధతి కలదు గాన దానినిగూడ తగిలించి చూచితిమి: 20 నిమిషములు! క్రొత్తది కొన్నందున మిగిలినది మూడు నిమిషములే.

కావున అయ్యలారా, మీ బడికిగాని పంచాయతీకిగాని యంత్రమును బాగుచేయింప దలచినచో, ముందు ఇరుకెచ్చటనో అడుగుడు. సొమ్ము ఆ పిమ్మట తీయుడు. క్రొత్త డిస్కులో రెండవ ప్రతి నుంచి వేఱొక యింట దాచితిమి. ఆ విధముగా నది యుపయోగపడినది.