గ్రాఫిక్ డిజైన్‌లో కొత్త ఐడియాలు రావాలంటే: అరసవల్లి రథసప్తమి ఫ్లెక్సీతో ఒక పాఠం

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన ఊళ్ళలో ఫ్లెక్సీలు, కరపత్రాలు, పెళ్ళి కార్డులు, వాట్సాప్ పోస్టర్లు చేసే డిజైనర్ల కోసం. చాలామంది అడుగుతున్నది ఒకటే ప్రశ్న. "అన్నా, కోరల్‌డ్రా వచ్చు, ఫోటోషాప్ వచ్చు. కానీ కొత్త ఐడియా రావట్లేదు. ఏం చెయ్యాలి?"

ఊరికే సలహాలు చెప్పుకుంటే గుర్తుండవు. అందుకని ఒక పని తీసుకుని చూద్దాం. అరసవల్లి సూర్యనారాయణ స్వామి రథసప్తమికి ఒక ఫ్లెక్సీ. 2025లో ఈ ఉత్సవాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. పండుగ పెద్దదైంది, ఫ్లెక్సీలూ పెరిగాయి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి గుడి దాకా ఉన్నది కొద్ది దూరమే. ఆ కొద్ది దూరంలో ఎన్ని చోట్ల అదే బంగారు రంగు సూర్యుడు, అవే ఏడు తెల్ల గుర్రాలు కనిపిస్తాయో గమనించండి.

ఎందుకలా? అందరం గూగుల్‌లో ఒకే మాట కొడుతున్నాం, మొదటి వరసలో వచ్చిన బొమ్మే దింపుతున్నాం. నష్టం మనకే. అన్ని షాపుల్లోనూ ఒకటే బొమ్మ ఉన్నప్పుడు కస్టమర్ అడిగేది చదరపు అడుగు రేటు ఒక్కటే కదా! "ఏటి బాబూ, నిరుడేసిందే కదా ఇది, తగ్గించు మరి" అంటాడు. ఆ మాటకు మన దగ్గర జవాబు ఉండదు. అంటే క్రియేటివిటీ అనేది సరదా విషయం కాదు, మన కూలి రేటు విషయం.

మొదటి పని: సిస్టమ్ ఆన్ చెయ్యకముందు మూడు ప్రశ్నలు

ఎవరు చూస్తారు? ఎక్కడి నుంచి చూస్తారు? చూశాక ఏది గుర్తుండాలి? ఆటోలో వెళ్ళే మనిషి ఫ్లెక్సీని చూసేది రెండు మూడు సెకన్లు. ఆ సమయంలో ఒక బొమ్మ, ఒక పెద్ద మాట, ఒక తేదీ చదవగలడు. అంతే. ఈ మూడు జవాబులూ కాగితం మీద రాసుకోండి. సగం గందరగోళం అక్కడే పోతుంది.

రెండో పని: ఆ చోటుకే ఉన్నదేమిటో వెతకండి

సూర్యుడి బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది. మరి అరసవల్లికే ఉన్నదేమిటి? ఏటా మార్చి 9 ప్రాంతంలో, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లో, ఉదయించే సూర్యుడి కిరణాలు మండపం దాటుకుని గర్భగుడిలోకి వెళ్ళి స్వామి పాదాలను తాకుతాయి. కొద్ది నిమిషాలే ఉంటుంది. మబ్బు పడితే ఆ రోజుకి లేనట్టే. స్వామి నల్లరాతి విగ్రహం, చేతుల్లో తామర మొగ్గలు.

ఇప్పుడు ఆలోచించండి. ఫ్లెక్సీ మొత్తం పసుపు, ఎరుపు పొయ్యక్కర్లేదు. మూడొంతులు నలుపు ఉంచండి. ఒక మూల నుంచి సన్నటి వెలుగు ఒకటే ఏటవాలుగా వచ్చి కింద పాదాల దగ్గర ఆగుతుంది. పక్కన తేదీ. రంగులతో అరిచే ఇరవై ఫ్లెక్సీల మధ్య అది ఆగి చూసేలా ఉంటుంది. పైగా ఆ డిజైన్‌ని ఇంకో గుడికి వాడుకోలేరు. ఇది అరసవల్లిదే.

మూడో పని: అక్షరాన్నే బొమ్మగా చూడండి

సూర్యుడి రథానికి ఒకటే చక్రం అని పురాణాలు చెబుతాయి. ఇప్పుడు 'రథసప్తమి' అని పెద్దగా రాసి చూడండి. 'థ' అక్షరం గుండ్రంగా ఉంటుంది, లోపల ఒక చుక్క. చక్రం, మధ్యలో ఇరుసు! ఆ ఒక్క అక్షరానికి బంగారు రంగు వేస్తే చాలు, రథం బొమ్మ వెయ్యకపోయినా రథం కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. 'సూర్యనారాయణ స్వామి' కింద ఇంకో లైను పెడితే ఒత్తులు దాన్ని తాకకుండా ఖాళీ ఇవ్వాలి. ఎప్పుడూ వాడే రెండు ఫాంట్లే కాకుండా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు కూడా వేసి చూడండి. అందులో ఒకదాని పేరు 'గిడుగు'. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరే.

నాలుగో పని: ఇరవై గీతలు

అగ్గిపెట్టె సైజులో ఇరవై గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఒక్కో ఐడియా పెన్సిల్‌తో గీకండి. మొదటి ఐదూ అందరికీ వచ్చేవే. తొమ్మిది, పది దగ్గర బుర్ర ఆగిపోతుంది. అక్కడే చాలామంది లేచి వెళ్ళిపోతారు. అక్కడ ఒక షరతు పెట్టుకోండి: రెండే రంగులు, లేదా ఫోటో లేకుండా, లేదా నాలుగే మాటలు. దారి మూసుకుపోతే మనసు పక్కదారి వెతుకుతుంది.

అయినా రాకపోతే ఆ పని పక్కన పెట్టి వేరే ఆర్డర్ చూడండి, టీ తాగి రండి. గ్రాహం వాలస్ అనే ఇంగ్లండ్ ఆయన 1926లోనే ఆలోచన పుట్టడానికి నాలుగు దశలు చెప్పాడు: సన్నాహం, నానబెట్టడం, తట్టడం, సరిచూసుకోవడం. పప్పు నానబెడితేనే కదా రుబ్బు అయ్యేది. కానీ ముందు పప్పు పొయ్యాలి! సన్నాహం లేకుండా టీ ఒక్కటే తాగితే ఏమీ తట్టదు.

ఐదో పని: సొంత ఖజానా

పింటరెస్ట్ అందరిదీ. మీకంటూ ఒక ఫోల్డర్ ఉండాలి. పొందూరు ఖద్దరు నేత, బుడితి ఇత్తడి పాత్రల వంపులు, సంక్రాంతి ముగ్గులు ఫోన్‌లో తీసిపెట్టుకోండి. చందమామ ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్యగారు 1921లో పుట్టింది శ్రీకాకుళంలోనే. ఆయన ముఖచిత్రం ఒకటి ముందు పెట్టుకుని, వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఏ రంగు ఎక్కువుంది, కన్ను ముందు ఎక్కడ ఆగుతోంది అని రాసుకోండి. కాపీ కొట్టడం వేరు, ఇలా చదవడం వేరు.

సవర చిత్రాల విషయంలో మాత్రం ఆలోచించండి. అవి సవరలు ఇంటి గోడ మీద పూజగా వేసుకునే బొమ్మలు. బాగున్నాయి కదా అని బిర్యానీ సెంటర్ ఫ్లెక్సీ మీద అంటించెయ్యడం మర్యాద కాదు. వాడాలనుకుంటే ఆ చిత్రకారుల చేతే వేయించుకుని, డబ్బిచ్చి, పేరు వెయ్యండి.

చివరిగా, కస్టమర్‌ని ఒప్పించడం

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మా నాయకుల ఫోటోలు పన్నెండు పెట్టాలి" అంటాడు. వాదించకండి. కింద ఒకే పట్టీలో వరసగా పెట్టి, పై భాగం మీ డిజైన్‌కి ఉంచుకోండి. ఆయన అడిగిన పాత పద్ధతిది ఒకటి, మీది ఒకటి, రెండూ ఫోన్‌లో చూపించి ఫోన్‌ని ఇరవై అడుగుల దూరంలో పెట్టండి. "ఏది కనబడుతోంది అన్నా?" అని అడగండి. జవాబు ఆయన నోటి నుంచే రానివ్వండి.

ఈ వారం మీకొక పని. చేతిలో ఉన్న ఆర్డర్ ఒకదానికి ఇరవై గళ్ళు పూర్తి చెయ్యండి. పదకొండో గడి నుంచి వచ్చినవే కస్టమర్‌కి చూపించండి. ఏం జరిగిందో కింద కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పెళ్ళి కార్డుల సంగతి చూద్దాం.