శవపేటిక మోసిన ఆ నలుగురు

నాయీను ఊరి గవిని దగ్గర రెండు గుంపులు ఎదురుపడ్డాయి. ఊళ్లోకి వస్తున్న గుంపు ముందు యేసుప్రభువు ఉన్నాడు. ఊరి బయటికి వెళ్తున్న గుంపు ముందు పాడె ఉంది. పాడె మీద ఒక యువకుడు, వితంతువైన తల్లికి ఒక్కగానొక్క కొడుకు. ప్రభువు ఆ తల్లిని చూసి కనికరపడ్డాడు. దగ్గరికి వెళ్లి పాడెను ముట్టాడు. మోస్తున్నవాళ్లు ఆగిపోయారు (లూకా 7:11-17). ఆ తర్వాత జరిగిన అద్భుతం మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. కాని ఆగిపోయిన ఆ మోసేవాళ్ల గురించి మనం అంతగా ఆలోచించం. వాళ్లలో చనిపోయినవాడి ఈడువాళ్లు, స్నేహితులు ఉండే ఉంటారు. ప్రభువు చెయ్యి తగలగానే శ్మశానం వైపు నడుస్తున్న ఆ కాళ్లు కూడా ఆగాయి.

ఇవాళ మన ఊళ్లలో యువకుల శవపేటికలు మోస్తున్నది ఎక్కువగా స్నేహితులే. తాగి బండి నడిపి ఒకడు, మత్తు మోతాదు మించి మరొకడు, లివర్ పాడై ఇంకొకడు వెళ్లిపోతున్నారు. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే నివేదిక ప్రకారం మన దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్ల మంది, గంజాయి, భంగు వంటివి వాడేవాళ్లు సుమారు 3 కోట్ల మంది. ఆ సర్వే పదేళ్ల పిల్లల నుంచే లెక్కపెట్టాల్సి వచ్చిందంటే సమస్య ఎంత కిందికి దిగిందో అర్థమవుతుంది.

భూస్థాపన జరిగే చోట ఆ స్నేహితులను గమనించండి. అందరికంటే వెనక, గోడవారగా నిలబడి ఉంటారు. చనిపోయినవాడితో మొన్నటిదాకా ఒకే సీసా పంచుకున్నవాళ్లు వాళ్లు. ‘ఇక ముట్టనురా’ అని ఆ మట్టి సాక్షిగా లోలోపల ఒట్టు పెట్టుకుంటారు. ఆ ఒట్టులో అబద్ధం లేదు. మరి నెల తిరక్కుండానే అది ఎందుకు చెదిరిపోతోంది?

దుఃఖం రెండు రకాలని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాశాడు. దేవుని చిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సుకు, రక్షణకు నడిపిస్తుంది. లోక సంబంధమైన దుఃఖం మరణానికి నడిపిస్తుంది (2 కొరింథీ 7:10). పేతురు, యూదా ఇద్దరూ ఒకే రాత్రి ప్రభువుకు ద్రోహం చేశారు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా తన దుఃఖాన్ని ఒంటరిగా మోసుకుని వెళ్లి దానికింద నలిగిపోయాడు. పేతురు తోటి శిష్యుల మధ్యకు తిరిగి వచ్చాడు, అక్కడే పునరుత్థానుడైన ప్రభువును చూశాడు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్న యువకుడి ముందు కూడా ఈ రెండు దారులే ఉంటాయి. ‘నేను ఆ రోజు వద్దని ఉంటే బతికేవాడే’ అన్న నేరభావాన్ని ఒంటరిగా మోయలేక, దాన్ని మరచిపోవడానికి మళ్లీ అదే మత్తును ఆశ్రయిస్తాడు. స్నేహితుణ్ణి చంపిన విషమే అతనికి ఓదార్పు అవుతుంది. ఎంత విషాదం!

‘జుమాంజి’ సినిమా చూసిన మనవాళ్లకు హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ తెలుసు. యౌవనంలో ఆయన కొకైన్‌కు, మద్యానికి అలవాటు పడ్డాడు. సాటి హాస్యనటుడు జాన్ బెలూషి ఆయన స్నేహితుడు. 1982 మార్చి 5న బెలూషి హాలీవుడ్‌లోని ఒక హోటల్లో శవమై కనిపించాడు. హెరాయిన్, కొకైన్ కలిపి ఎక్కించుకోవడమే కారణం. వయసు 33 ఏళ్లే. ఆ రాత్రి విలియమ్స్ కూడా కాసేపు ఆ గదికి వెళ్లి వచ్చాడు. ఆ చావు ఆయన్ని కుదిపేసింది. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. కొకైన్‌నూ మద్యాన్నీ వదిలేసి, సుమారు 20 ఏళ్లు మత్తు లేకుండా గడిపాడు.

కథ అక్కడితో అయిపోలేదు. 2003లో ఒక షూటింగ్ కోసం ఇంటికి దూరంగా, ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. మూడేళ్ల తర్వాత, 2006లో, చికిత్సా కేంద్రంలో చేరి తిరిగి మానేశాడు. 2014లో మెదడు జబ్బుతో నలుగుతూ విషాదకరంగా మరణించినప్పుడు కూడా ఆయన ఒంట్లో మద్యం గాని, నిషేధిత మత్తుపదార్థాలు గాని లేవని అధికారులు నిర్ధారించారు. ఈ జీవితం మనకేం చెబుతోంది? స్నేహితుడి మరణం మనిషిని మేల్కొలపగలదు. కాని 20 ఏళ్ల తర్వాత కూడా కాపలా అవసరమే. పడిపోయినవాడు సహాయం అడిగితే మళ్లీ లేవగలడు.

1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి ఒక హోటల్ వరండాలో నిలబడి ఉన్నాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. వ్యాపారం దెబ్బతింది, పక్కనే బార్ పిలుస్తోంది. ఆయన బార్‌లోకి వెళ్లకుండా టెలిఫోన్ దగ్గరికి వెళ్లి, అక్కడి చర్చిల జాబితా చూసి ఒక పాదిరిగారికి ఫోన్ చేశాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అడిగాడు. అలా పరిచయమైనవాడే డాక్టర్ బాబ్ స్మిత్. ఆ ఇద్దరి కలయికలోంచే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పుట్టింది. రుసుము లేని ఆ కూడికలు ఇప్పుడు మన నగరాల్లోనూ జరుగుతున్నాయి. ఆ రోజు అవతల ఫోన్ ఎత్తిన దైవసేవకుడు విసుక్కుని పెట్టేసి ఉంటే? మన సంఘాల్లో అలాంటి ఫోన్ వస్తే ఎత్తేదెవరు?

మనవాళ్ల ఇళ్లలో ఇలాంటి సంగతి బయటపడితే ముందుగా వినిపించే మాట పరువు. ‘చెల్లి పెళ్లి కావాలి, ఎవరికీ తెలియనివ్వకండి’ అంటారు. ‘పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు’ అని ఒక అమాయకురాలి బతుకును పణంగా పెడతారు. దాచిన గాయం కుళ్లుతుందే గాని మానదు. చికిత్సకు వెళ్తే పోలీసు కేసవుతుందన్న భయం కొందరిది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, కొద్ది పరిమాణంతో పట్టుబడిన బానిస కూడా తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తి చేస్తే, అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14446.

మరో మాట. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ప్రార్థనతోపాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం అవసరం. పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచిన లూకా సువార్త రాసినవాడే కదా! అలాగే స్నేహితుడు మత్తులో స్పృహ తప్పితే ‘పడుకుంటే అదే దిగుతుంది’ అని వదిలేసి వెళ్లవద్దు. వాంతి గొంతుకు అడ్డుపడి, ఊపిరి ఆగి చాలామంది అలాగే చనిపోతారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదు తీసుకున్న శరీరం దాన్ని తట్టుకోలేదని కూడా యువకులు తెలుసుకోవాలి.

‘పోయేటప్పుడు మోయడానికి నలుగురుండాలి’ అని మన తెలుగువాళ్లు అంటారు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో మరో నలుగురున్నారు. నడవలేని ఒకణ్ణి పరుపుతో సహా వాళ్లు మోసుకొచ్చారు. జనం దారి ఇవ్వకపోతే ఇంటి పైకప్పు విప్పి ప్రభువు ముందు దించారు. వాళ్ల విశ్వాసాన్ని ప్రభువు చూశాడని అక్కడ రాసి ఉంది. చచ్చినవాణ్ణి మోయడానికి భుజబలం చాలు. బతికున్నవాణ్ణి మోయడానికి ప్రేమ, ఓర్పు కూడా కావాలి.

సంఘ పెద్దలకు, కాపరులకు మనవి. ఆదరణ కూడిక అయిపోగానే కుర్చీలు సర్దేసి వెళ్లిపోకండి. వెనక గోడవారగా నిలబడ్డ ఆ కుర్రాళ్ల దగ్గరికి వెళ్లండి. ‘మీ వల్లే పోయాడు’ అనకండి. భుజం మీద చెయ్యి వేసి పేరు అడగండి. వారం తర్వాత ఇంటికి వెళ్లండి, నెల తర్వాత మళ్లీ వెళ్లండి. మధ్యలో జారిపడితే తలుపు మూయకండి.

స్నేహితుణ్ణి పోగొట్టుకున్న తమ్ముడూ, చెల్లీ! అతని కోసం ఇక నువ్వు చేయగలిగింది ఒకటుంది. అతని తల్లి కార్చిన కన్నీరు నీ తల్లి కార్చకుండా చూడటం. ఈ ఒట్టును ఒంటరిగా మోయకు. ఇవాళే ఒక్కరికి చెప్పు, డాక్టరు దగ్గరికి వెళ్లు, ప్రభువు పాదాల దగ్గర నీ భారం దించు. ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్లను తన దగ్గరికి రమ్మని పిలిచినవాడు (మత్తయి 11:28) నిన్ను కూడా పిలుస్తున్నాడు.