మౌనం పూర్తి అంగీకారమే

పెనుగొండ వాసవీమాత పుట్టిన ఊరు. బేరసారాలు ఎరిగిన ఊరు. ఇక్కడ సరుకు మీద తగవొస్తే కొట్టు గుమ్మం దగ్గరే తేలుతుంది, తేలకపోతే పెద్దమనుషులున్నారు. ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి లోగో గీసి పంపే కుర్రాడికి ఆ గుమ్మం లేదు. ఫైలు పంపుతాడు, వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. బ్యాలెన్సు అడిగితే “చూసి చెప్తాం” అంటారు. నెల గడిచాక “పని బాగోలేదు, అడ్వాన్సు వెనక్కివ్వండి” అంటారు.

సంపాదకులు అడిగింది ఇంటి నుంచి చేసే ఆన్‌లైన్ పనుల మీద కథనం. గడువు తరుముతుండగా చట్టాలూ, వెబ్‌సైట్ల నిబంధనలూ తిరగేస్తుంటే ఒక్క వాక్యం మిగతావన్నీ పక్కన పెట్టించింది. అది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం రెండో సెక్షన్‌లో, ఎవరూ చదవని ఒక వివరణలో ఉంది. సరుకు గానీ సేవ గానీ అందిన 15 రోజుల్లోగా కొన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. మౌనం అర్ధాంగీకారమని మనం అనుకుంటాం. ఈ చట్టం దృష్టిలో అది పూర్తి అంగీకారమే.

దాని బలం చూడండి. జూన్ 1న లోగో పంపారు. 16 దాకా మెయిల్లో గానీ మెసేజిలో గానీ ఒక్క అభ్యంతరం రాలేదు. జూన్ 1నే పని ఒప్పుకున్నట్టయింది. ఫలానా తేదీకి డబ్బిస్తామని రాసుకోకపోతే 15 రోజులకే బాకీ గడువు తీరుతుంది. రాసుకున్నా 45 రోజులు మించకూడదు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతమనుకుంటే వడ్డీ 18 శాతం. ఒప్పందంలో వేరేగా రాసుకున్నా చెల్లదు.

నన్ను ఇంకా ఆకట్టుకున్నది అదే చట్టంలోని 18వ సెక్షన్. కొన్నవారు ముంబయిలో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా, పని చేసినవారి రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలే తగవు వినొచ్చు. పెనుగొండ కుర్రాడు ముంబయి రైలెక్కక్కర్లేదు. 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చినప్పటి నుంచి ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. ముందు రాజీ, కుదరకపోతే మధ్యవర్తి తీర్పు. ఆ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కంపెనీ 75 శాతం సొమ్ము ముందే జమ కట్టాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా ఆ గడువు దాటిపోవడం మామూలే.

అయితే తలుపు తెరవాలంటే తాళంచెవి ఉండాలి. అది ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవడం. పని పూర్తయ్యాక నమోదు చేసుకుని పాత బాకీకి ఈ రక్షణ అడగడం కుదరదని 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆన్‌లైన్ పనులు ఇప్పించే సైట్ల చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు సైట్లు కలిసి 2015లో అప్‌వర్క్ అయ్యాయి. ఫ్రీలాన్సర్.కామ్ 2009లో వచ్చింది. బాకీలు ఎగ్గొట్టే క్లయింట్ల మీద న్యూయార్క్ నగరం 2017లో ప్రత్యేక చట్టమే అమల్లోకి తెచ్చింది.

విదేశీ క్లయింటు దగ్గర మన చట్టం నడవదు, అక్కడ సైటు నిబంధనలే దిక్కు. అప్‌వర్క్‌లో ఏకమొత్తం పనికి క్లయింటు ముందే డబ్బు ఎస్క్రోలో, అంటే మూడోవారి చేతిలో పెట్టాలి. పని సమర్పించాక 14 రోజులు ఉలకకపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది. ఫైవర్ అనే మరో సైట్లో మూడు రోజులే. చూశారా, అక్కడా మౌనం అంగీకారమే! కాకపోతే ఈ కత్తికి రెండు వైపులా పదునే. కాంట్రాక్టు ముగించి క్లయింటు రీఫండ్ అడిగితే, అప్‌వర్క్‌లో ఏడు రోజుల్లో మీరు పలక్కపోతే డబ్బు ఆయనకే వెళ్తుంది. ఫైలు చాట్‌లో పడేసి ఊరుకోకండి, సమర్పించే బటన్ నొక్కితేనే 14 రోజుల లెక్క మొదలు.

ఇక అప్‌వర్క్‌లో తగవు తేల్చే చివరి మెట్టైన ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి విచారణ) మీద నాకు నమ్మకం లేదు. దానికి ఇరుపక్షాలూ వందల డాలర్లు కట్టాలి. యాభై డాలర్ల లోగో గీసినవాడు ఆ మెట్టెక్కగలడా? పేదవాడికి అందని న్యాయాన్ని న్యాయమని రాయడానికి నాకు చేయి రాదు.

పని చేయించుకున్నవారి గోడు
అడ్వాన్సు పుచ్చుకుని మాయమయ్యే ఫ్రీలాన్సర్లూ ఉన్నారు. బతుకుతెరువు కోసం చిన్న కొట్టు నడుపుకునేవారు వెబ్‌సైటు చేయించుకుని మోసపోతే, 2019 వినియోగదారుల చట్టం కింద సొంత జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుం లేదు. పెద్ద వ్యాపారాలకు ఈ వెసులుబాటు వర్తించదు.

మెసేజీలు చెరపకండి
2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం వాట్సాప్ సంభాషణ కోర్టులో చెల్లాలంటే ధ్రువపత్రం జతచేయాలి. స్క్రీన్‌షాట్లు తీసుకున్నా అసలు చాట్‌ను ఫోన్‌లోనే ఉంచండి.

ఉద్యమ్ నమోదుకు పైసా ఖర్చు లేదు. ఆధార్, పాన్ చాలు. డబ్బడిగే ఏజెంట్లను నమ్మకుండా ప్రభుత్వ పోర్టల్‌లో మీరే నింపండి. ఇంట్లో ఆన్‌లైన్ పని చేసే పిల్లలుంటే తర్వాతి ఆర్డరు ఒప్పుకోకముందే ఆ నమోదు చేయించండి.