గొంతు తగ్గించి గెలిచిన పాట

1957 మే 6న మాడ్రిడ్‌లోని గ్రాన్ వీయా వీధిలో, రియాల్టో సినిమా హాల్లో ఒక కొత్త సినిమా విడుదలైంది. పేరు 'ఎల్ ఉల్తిమో కుప్లే'. దాని మీద ఎవరికీ పెద్దగా ఆశల్లేవు. దర్శకుడు హువాన్ దె ఓర్దూన్యా చేతిలో డబ్బు అయిపోయి, సినిమా హక్కుల్ని 'సిఫేసా' అనే సంస్థకు అమ్మేసుకున్నాడు. కథానాయిక స్పెయిన్ వదిలి వెళ్లి ఏళ్లు గడిచాయి. పాటలన్నీ అమ్మమ్మల కాలం నాటివి. ఆ సినిమా అదే హాల్లో దాదాపు ఏడాది పాటు ఆడింది. స్పానిష్ సినిమా అంతకు ముందు చూడని విజయం అది. సారా మోంతియెల్ అనే ఇరవై తొమ్మిదేళ్ల నటిని ఆ ఒక్క సినిమాయే గాయనిని చేసింది.

కథ గొప్పదేమీ కాదు. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. ఒక గాయని ఎదగడం, ప్రేమించడం, పోగొట్టుకోవడం, పడిపోవడం, చివరిసారి లేవడం. ఈ మెట్లు ఏ దేశపు ప్రేక్షకుడికైనా కంఠతా వచ్చినవే. మరి జనం ఎందుకు మళ్లీ మళ్లీ వెళ్లారు? జవాబు ఆ గొంతులో ఉంది. ఆ గొంతు ప్రత్యేకత తెలియాలంటే కుప్లే అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్స్ నుంచి స్పెయిన్‌కు వచ్చిన పాటల రూపం కుప్లే. వేదిక మీద ఒక స్త్రీ ఒంటరిగా నిలబడి, మూడు నాలుగు నిమిషాల్లో ఒక చిన్న కథను పాడి, నటించి ముగిస్తుంది. మొదట్లో దానికి మంచి పేరు లేదు. 1893లో మాడ్రిడ్‌లోని బార్బియేరి థియేటర్‌లో జర్మనీకి చెందిన ఔగుస్తా బెర్జెస్ పాడిన 'లా పుల్గా' పాటతో స్పెయిన్‌లో కుప్లే మొదలైందంటారు. దుస్తుల్లో దూరి కుడుతున్న పురుగు కోసం గాయని వెతుక్కోవడమే ఆ పాట సంగతి. చూడటానికి వచ్చేది మగవాళ్లే. తర్వాతి ఇరవై ఏళ్లలో లా ఫోర్నరీనా, లా గోయా వంటి గాయనులు వచ్చి దాన్ని కుటుంబాలు చూసే కళగా మార్చారు. లా గోయా ఒక్కో పాటకు తగిన వేషం వేసుకుని వచ్చేది. పూలమ్మే పిల్ల, సైనికుడి ప్రియురాలు, పెళ్లికూతురు... పాట మారితే మనిషే మారిపోయేది.

వాళ్లందరిలో రాకెల్ మెల్యెర్ స్థానం వేరు. పారిస్‌ను, అమెరికాను ఉర్రూతలూగించిన గాయని ఆమె. 1926లో 'టైమ్' పత్రిక ఆమె బొమ్మను ముఖచిత్రంగా వేసింది. హోసే పదీయా స్వరపరచిన 'లా వియోలెతేరా', 'ఎల్ రెలికారియో' పాటలకు ప్రపంచమంతా పేరొచ్చింది ఆమె వల్లే. చార్లీ చాప్లిన్ 1931 నాటి 'సిటీ లైట్స్'లో, చూపులేని పూలమ్మి కనిపించినప్పుడల్లా వినిపించేది ఈ 'లా వియోలెతేరా' బాణీయే. పదీయా పేరు వేయకుండా వాడుకున్నందుకు ఆయన కోర్టుకెళ్లి గెలిచాడు కూడా. అంత వెలిగిన కుప్లే 1930ల నాటికి వెనకబడింది. కొత్త నాట్య సంగీతం వచ్చింది, మాటల సినిమా వచ్చింది, ఆ తర్వాత 1936 నుంచి మూడేళ్ల అంతర్యుద్ధం వచ్చింది. యుద్ధం గెలిచిన జనరల్ ఫ్రాంకో పాలనలో రేడియోనూ తెరనూ మరో రకం పాట, కోప్లా, ఏలింది. కుప్లే పెద్దవాళ్ల జ్ఞాపకాల్లోకి జారుకుంది. 1950లలో లిలియాన్ దె సేలిస్ అనే గాయని రేడియోలో ఆ పాత పాటలు పాడి కొంత ఆసక్తి రగిలించింది. ఓర్దూన్యా సినిమాకు నేల అలా సిద్ధమైంది.

ఓర్దూన్యా అంతకు ముందు చరిత్ర సినిమాలకు పేరుపడ్డవాడు. రాణులు, కోటలు, భారీ సెట్లు, గంభీరమైన సంభాషణలు ఆయన ముద్ర. 1948లో సిఫేసా కోసం తీసిన 'లొకూరా దె అమోర్' పెద్ద హిట్. అందులో రాణిగా ఔరోరా బౌతిస్తా నటించగా, ఆమెకు ఎదురు నిలిచే పాత్రలో ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి కనిపించింది. ఆమే సారా మోంతియెల్.

అసలు పేరు మరియా అంతోనియా అబాద్ ఫెర్నాందెజ్. 1928 మార్చి 10న లా మంచా ప్రాంతంలోని కాంపో దె క్రిప్తానాలో, పేద ఇంట్లో పుట్టింది. దొన్ కిహోతె నవల చదివినవారికి గాలిమరల మీదికి ఈటెతో దూకే ఘట్టం గుర్తుండే ఉంటుంది; ఆ ఊరి గుట్ట మీద అలాంటి మరలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తర్వాతి కాలంలో ఆమె పేరిట మ్యూజియంగా మార్చారు. స్పెయిన్‌లో చిన్నాపెద్దా వేషాలు వేసినా తనకు రావలసిన పాత్రలు రావడం లేదని ఆమె మెక్సికో వెళ్లింది. అక్కడ వరసగా సినిమాలు చేసి, హాలీవుడ్ చేరింది. 1954లో 'వెరా క్రూజ్'లో గ్యారీ కూపర్, బర్ట్ లాంకాస్టర్‌ల పక్కన నటించింది. ఆ తర్వాత 'సెరెనేడ్'లో గాయకుడు మారియో లాంజా సరసన. ఆ సినిమా దర్శకుడు ఆంథొనీ మన్‌నే 1957లో పెళ్లి చేసుకుంది. ఇంత తిరిగి వచ్చినా స్పెయిన్‌లో ఆమెను గాయనిగా ఎవరూ ఎరగరు.

సినిమా చరిత్రలో పదేపదే చెప్పుకునే సంగతి ఇక్కడే ఉంది. ఓర్దూన్యా మొదట అనుకున్నది సారా నటిస్తే చాలని. పాటలు ఒక వృత్తి గాయనితో నేపథ్యంలో పాడించాలని. డబ్బు చాలకపోవడంతో సారాయే పాడింది. పాత కుప్లే గాయనులు పాడిన తీరుతో పోలిస్తే అది ఏ లెక్కన చూసినా తప్పే. వాళ్లది పై స్థాయిలో పలికే, సన్నని, పదునైన గొంతు. మైకులు లేని రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట స్పష్టంగా వినిపించాలి కదా. చేతులు, కళ్లు, నడుము అన్నీ ఆ దూరానికి తగ్గట్టే పెద్దగా కదిలేవి. సారాకు ఆ పై స్థాయి లేదు. ఉన్నది మందమైన, కింది స్థాయి గొంతు. దాంతో ఆమె పాటను తాపీగా, సగం మాట్లాడుతున్నట్టు, ఊపిరి వినపడేట్టు పాడింది. మైకు నోటి దగ్గరే ఉంది. కెమెరా ముఖానికి ఇంకా దగ్గరగా ఉంది. వెయ్యి మందికి పాడవలసిన పాట ఒక్కరికి చెబుతున్నట్టు మారిపోయింది.

'ఫుమాందో ఎస్పేరో' దృశ్యం చూస్తే ఈ మార్పు ఏమిటో తెలుస్తుంది. 1920ల నాటి టాంగో అది, సంగీతం హువాన్ విలదోమాత్‌ది. ప్రియుడి కోసం ఎదురుచూస్తూ సిగరెట్ తాగే స్త్రీ పాట. సారా అందులో దాదాపు ఏమీ చేయదు. పొగ వదులుతుంది, కనురెప్పలు వాలుస్తుంది, ఒక పదం దగ్గర ఆగి తర్వాతి పదానికి సమయం తీసుకుంటుంది. ఆ ఆగడంలోనే శృంగారమంతా ఉంది. అరవై ఏళ్లు దాటినా ఆ పాట అనగానే స్పానిష్ మాట్లాడే దేశాల్లో గుర్తొచ్చేది ఆమె ముఖమే.

ఇక కథ. బార్సిలోనాలో వినోదశాలలకు పేరుపొందిన పరలేలో వీధిలో, ఒక చిన్న వేదిక మీద మరియా లుహాన్ పాడుతుంటుంది. ఒకప్పుడు వెలిగిన తార. ఆమెను తయారు చేసిన హువాన్ కొంత్రేరాస్ చాలా ఏళ్ల తర్వాత అక్కడికి వచ్చి చూస్తాడు. మరియా తన గతం చెబుతుంది. బృందగానంలో నిలబడ్డ అమ్మాయి, వెంట ఉండే పిన్ని, గడియారాలు బాగుచేసే ప్రియుడు, కొంత్రేరాస్ చేతి మీదుగా వచ్చిన పేరు, విదేశీ వేదికలు. ఆ తర్వాత తనకన్నా చిన్నవాడైన పేపే అనే ఎద్దులపోరు వీరుడితో ప్రేమ. పోరులో ఎద్దు కొమ్ముకు పేపే చనిపోతాడు. మరియాను మద్యం, జూదం, గుండె జబ్బు చుట్టుముడతాయి. కొంత్రేరాస్ పూనుకుని మాడ్రిడ్‌లో మళ్లీ వేదిక ఎక్కిస్తాడు. 'నేనా' పాడి, చప్పట్ల మధ్య ఆమె కన్నుమూస్తుంది.

కథ పాతదే అయినా, దాన్ని పాటలతో అల్లిన తీరులో ఓర్దూన్యా పనితనం మెచ్చుకోవాలి. 'ఎల్ రెలికారియో' ఇందుకు మంచి ఉదాహరణ. ఎద్దులపోరు వీరుడు తన అంగవస్త్రాన్ని నేల మీద పరిచి, ప్రియురాలిని దాని మీద అడుగు వేయమంటాడు. ఆ అడుగు పడ్డ గుడ్డ ముక్కను రక్షరేకులా దాచుకుంటాడు. తర్వాత పోరులో ఆమె కళ్లెదుటే కూలిపోతాడు. ఇదీ ఆ పాట కథ. 1914 నుంచి స్పెయిన్‌లో దాదాపు అందరికీ తెలిసిన పాట. తెర మీద పేపే కనిపించగానే ఏం జరగబోతోందో హాల్లో వాళ్లకు అర్థమైపోతుంది. ఉత్కంఠ పోతుంది. కానీ దాని స్థానంలో మరొకటి వస్తుంది: జరగబోయేది తెలిసి, ఆపలేక చూడటం. మెలోడ్రామాకు బలం అదే. మరియా దుఃఖంలో ఆ పాట అందుకునేసరికి, పాడుతున్నది పాత పాటా, తన బతుకా అన్న తేడా చెరిగిపోతుంది.

ఈ సినిమా ఫ్రాంకో సెన్సార్ చేతుల్లోంచి ఎలా బయటపడింది? ఆనాటి స్పెయిన్‌లో పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాలి. ఆ చట్టం 1975 దాకా మారలేదు. చర్చి, పాలకులు కలిసి చెప్పిన ఆదర్శం గడప దాటని ఇల్లాలు. తెర మీద మరియా లుహాన్ చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం: తన సంపాదన తనది, ప్రియుణ్ణి తానే ఎంచుకుంటుంది, వయసులో చిన్నవాణ్ణి ప్రేమిస్తుంది, పెళ్లి ఊసే లేకుండా బతుకుతుంది. అయితే ఇదంతా వెనకటి కాలంలో జరిగినట్టు చూపించారు, చివర్లో ఆమె చనిపోతుంది. తప్పుకు శిక్ష పడిందని అధికారులకు లెక్క సరిపోయింది. హాల్లోని ఆడవాళ్లు మాత్రం శిక్ష కోసం టిక్కెట్ కొనలేదు. రెండు గంటల పాటు ఒక స్త్రీ తన కోరికను తలదించుకోకుండా పాడుతుంటే వినడానికి వచ్చారు. 'ఎల్ ఉల్తిమో కుప్లే' విలువ ప్రధానంగా ఇక్కడే ఉంది. ముగింపు పాలకుల వైపు మాట్లాడితే, పాటలు ప్రేక్షకుల వైపు మాట్లాడాయి.

విజయం డబ్బు ఓర్దూన్యాకు దక్కలేదు; హక్కులు అప్పటికే చేజారాయి. భారీ చారిత్రక చిత్రాలతో దెబ్బతిని, నిర్మాణం మానుకుని పంపిణీకే పరిమితమైన సిఫేసాకు అది అనుకోని పంట. సారా మాత్రం స్పెయిన్‌లో అత్యధిక పారితోషికం తీసుకునే తార అయింది. హాలీవుడ్ వైపు మళ్లీ చూడలేదు. 1958లో లూయిస్ సేసర్ అమదోరి దర్శకత్వంలో 'లా వియోలెతేరా' వచ్చింది, అదీ పెద్ద హిట్టే. తర్వాత 'కార్మెన్ లా దె రోందా', 'మి ఉల్తిమో తాంగో', 'పెకాదో దె అమోర్', 'లా బెల్యా లోలా'. పేర్లు మారాయి, మూస మారలేదు: పాడే స్త్రీ, తనకు దక్కని మగవాడు, త్యాగం, మధ్యలో పదేసి పాటలు. మంచి నటిని ఆ మూస కొంత మింగేసింది. 'వెరా క్రూజ్'లో ఆమె చలాకీతనం చూసినవారికి ఆ నష్టం తెలుస్తుంది. 1971లో హువాన్ అంతోనియో బార్దెమ్ 'వరియెతెస్'లో ఆమెకు వయసు మళ్లుతున్న నటి పాత్ర ఇచ్చి కొంత కొత్తదనం చూపాడు. 1974 తర్వాత సారా సినిమాలు మానేసి, వేదిక మీదా టీవీలోనూ పాడుతూ ఉండిపోయింది. 2013 ఏప్రిల్ 8న మాడ్రిడ్‌లో కన్నుమూసింది.

ఆ సినిమాలు చూస్తూ పెరిగిన పిల్లల్లో కొందరు తర్వాత దర్శకులయ్యారు. పెద్రో అల్మొదోవర్ కూడా లా మంచా వాడే. 2004లో ఆయన తీసిన 'లా మాలా ఎదుకసియోన్'లో చర్చి బడిలో చదివే ఇద్దరు కుర్రాళ్లు సినిమా హాల్లో చూసేది సారా నటించిన 'ఏసా ముహేర్'. అదే సినిమాలో గాయెల్ గార్సియా బెర్నాల్ ఆడవేషంలో సారా పాడిన 'కిసాస్, కిసాస్, కిసాస్'కు పెదవులు కలుపుతాడు. ఆడవేషం వేసి వేదికలెక్కే స్పానిష్ కళాకారులకు ఆమె ఎన్నో ఏళ్లుగా ఆరాధ్యురాలు. ఫ్రాంకో కాలంలో తమ కోరికను దాచుకుని బతకాల్సి వచ్చిన స్వలింగ ప్రేమికులకు, సిగ్గుపడకుండా ప్రేమను పాడిన స్త్రీ దగ్గరిదై కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ సినిమా చూడాలనుకునే తెలుగు పాఠకులు ఒక పని చేస్తే మంచిది. ముందు రాకెల్ మెల్యెర్ పాడిన 'ఎల్ రెలికారియో' పాత రికార్డు వినండి. ఆ తర్వాత సారా పాడిన దృశ్యం చూడండి. స్పానిష్ ఒక్క ముక్క రాకపోయినా, మొదటి గొంతు వేదిక మీది నుంచి, రెండోది పక్క కుర్చీలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. రంగుల చిత్రీకరణ, ఆడంబరమైన గౌన్లు, పెద్ద పెద్ద టోపీలు చూడముచ్చటగా ఉంటాయి. మధ్యలో విదేశీ ప్రయాణాల భాగం హడావుడిగా సాగుతుంది, కొంత్రేరాస్ సంభాషణలు కొన్నిచోట్ల బరువనిపిస్తాయి. అక్కడ ఓపిక పట్టండి, తర్వాతి పాట ఎంతో దూరంలో ఉండదు.