పరీక్ష ఒక మెట్టు, నిర్ధారణ మరొక మెట్టు

మన పెద్దలు ఒప్పందపు కూలీలుగా ఓడ ఎక్కే ముందు డిపోలో వైద్యుడు చూసింది ముఖ్యంగా ఒక్కటే: ఈ ఒళ్ళు పనికి వస్తుందా, రాదా? నేడు కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు, చమురు పట్టణమైన అహ్మది వంటి చోట్లకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలకు జరిగే వైద్యపరీక్ష కూడా ముఖ్యంగా క్షయ, హెచ్.ఐ.వి. వంటి అంటువ్యాధుల కోసమే. అందులో నెగ్గితే అన్నీ బాగున్నట్లు కాదు. గర్భాశయ ముఖద్వార కాన్సరును అక్కడ ఎవరూ వెదకరు.

ఈ కాన్సరుకు మూలం హెచ్.పి.వి. అనే వైరస్. చాలామందిలో అది తానే పోతుంది. కొందరిలో నిలిచిపోయి కణాలను మారుస్తుంది. ఆ మార్పు కాన్సరు కావడానికి సాధారణంగా పది పదిహేనేళ్ళు పడుతుంది. అంతకాలమూ నొప్పి ఉండదు.

మొదటి మెట్టు స్క్రీనింగు. చిన్న బ్రష్షుతో కణాలు తీసి పాప్ పరీక్షకో, హెచ్.పి.వి. పరీక్షకో పంపుతారు. ఫలితంలో తేడా ఉన్నదంటే కాన్సరు ఉన్నదని అర్థం కాదు. ఇంకా చూడాలని మాత్రమే అర్థం.

రెండవ మెట్టు కాల్పోస్కోపీ క్లినిక్కు. ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, భూతద్దాల పరికరంతో చూస్తారు. మారిన చోటు తెల్లబడుతుంది. అక్కడినుండి గోరంత ముక్క తీసి పరీక్షిస్తారు. నిర్ధారణ అంటే ఇదే. కాన్సరుకు ముందుదశ అయితే ఆ భాగాన్ని మాత్రమే తొలగిస్తారు; చాలామందికి గర్భసంచి తీయనక్కరలేదు.

ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పైవేలకు పైగా స్త్రీలపై పెద్ద అధ్యయనం జరిగింది. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, తేడా ఉన్నవారిని కాల్పోస్కోపీకి పంపగా, ఆ వర్గంలో ఈ కాన్సరు మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. రెండు మెట్లూ ఎక్కించినందువల్లనే ఆ మేలు కలిగింది.

పరదేశంలో ఉన్నవారు జారిపోయేది ఈ రెండు మెట్ల నడుమనే. సెలవుకు ఇంటికి వచ్చి పరీక్ష చేయించుకొని, ఫలితం రాకముందే విమానమెక్కితే, ఆ కాగితం ఎవరికి చేరుతుంది? కాబట్టి సెలవు మొదటివారంలోనే పరీక్షకు వెళ్ళాలి. కాగితం నకలు వెంట తీసుకుపోవాలి. కువైట్‌లోనే అయితే దగ్గరి ప్రభుత్వ క్లినిక్కులో అడిగి, పెద్ద ఆసుపత్రి స్త్రీవైద్య విభాగానికి చీటీ రాయించుకోవాలి.

35 ఏళ్ళకు ఒకసారి, 45 ఏళ్ళకు మరొకసారి అయినా ఈ పరీక్ష జరగాలన్నది 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం. ముట్లుడిగిన తరువాత రక్తం కనబడితే మాత్రం వయసు లెక్కించక వెంటనే వైద్యుని చూడాలి.

సోదరీమణులారా, పనికోసం చేసే పరీక్ష యజమాని కోసం. ఈ పరీక్ష మీకోసం.